బిట్రగుంటామె పాట

బిట్రగుంట రైల్వే కాలనీలో పెళ్లిళ్లకీ క్రిస్మసు కూటాలకీ మైకుసెట్టు పెట్టే మౌలా చేతికి 1961 వేసవిలో ఒక టేపురికార్డరు వచ్చింది. ఆస్ట్రేలియాకు వెళ్లిపోతున్న ఇంజను డ్రైవరు దొర ఒకాయన ఇంట్లో సామానంతా అమ్మకానికి పెట్టాడు. మంచాలూ, అద్దాల బీరువాలూ, చివరికి కుక్క గొలుసుతో సహా జనం ఎగబడి కొనుక్కుపోయారు. ఈ పెట్టె దేనికి పనికొస్తుందో తెలియక దాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. మౌలా దాన్ని భుజాన పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. దాంతోపాటు టేపు చుట్ట ఒక్కటే వచ్చింది. దొరలు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో జంటలుగా డాన్సు చేసేటప్పుడు వాయించే పియానో అందులో ఉంది.

మౌలాకు ముప్పై ఏళ్లుంటాయి. మెత్తని మనిషి, యంత్రాల పిచ్చి. మొదట తన తల్లి మదార్‌బీ కోళ్లను అదిలిస్తుంటే ఆ గొంతు పట్టి ఆమెకే వినిపించాడు. ఆమె రెండు రోజులు ఆ గదిలో అడుగు పెట్టలేదు. గొంతు పట్టిన సంగతి ఆ మనిషికి తెలిస్తే ఇట్లాంటి తంటాలొస్తాయని మౌలాకు అప్పుడే అర్థమైంది.

ఆ నెలాఖర్లో లోకోషెడ్డు ఫిట్టరు సమాధానం అనే ఆయన కూతురి పెళ్లి జరిగింది. చర్చిలో పెళ్లయి, కాలనీ పందిట్లో భోజనాలకు కూర్చున్నాక, ఆడవాళ్లు పరంజ్యోతిని మైకు ముందుకు తోశారు. పరంజ్యోతిది పక్కనే ఉన్న బోగోలు. నలభై దాటిన మనిషి. భర్త చిన్నపోలయ్య రైలు పట్టాల గ్యాంగులో పనిచేసేవాడు. నాట్ల కాలంలో ఆమె పాట ఎత్తుకుంటే వెనకాల ముప్పై మంది అందుకునేవాళ్లు. ఆ పూట ఆమెకు జలుబు చేసి ముక్కు దిబ్బడేసి ఉంది. వద్దు వద్దంటూనే వచ్చి, కొంగుతో ముక్కు తుడుచుకుని, నాట్ల పాట మొదలుపెట్టింది.

*నారు పోసినమ్మకేమో నడుము వంగినాదో*
*నీరు కట్టేటాయనేమో నిదరపోయినాడో*

మైకుసెట్టు బల్ల కింద, దుప్పటి చాటున, మౌలా మీట నొక్కాడు. ఆమెను అడగలేదు. అడిగితే వద్దంటుందేమోనని భయం.

ముందు బంతిలో ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. పెళ్లికొడుకు పెదనాన్న ఆదెయ్య. పెళ్లికొడుకు వాళ్లు గూడూరులో ఉంటారు గానీ ఈయనది దొరవారిసత్రం. అక్కడ నలుగురిలో పేరున్న రైతు, చర్చిలో సంఘపెద్ద. భార్యకు జ్వరం తగలడంతో ఒక్కడే వచ్చాడు. పక్కన కూర్చున్నాయనకు చెవుడు కావడంతో, మీ తట్టు వడ్లు పుట్టి ఎంతంటున్నారని ఆదెయ్య రెండుసార్లు అడిగాడు. మూడోసారి అడిగేటప్పటికి ఆ గొంతు పరంజ్యోతి గొంతును మించిపోయింది. ఆమె పాట ఆపేసింది.

"పెద్దాయనా, నీ వడ్లు రేపైనా అమ్ముడుపోతాయి. ఈ పాట ఈ పూటకే."

అని, తాళం తప్పకుండా, అప్పటికప్పుడు ఇంకో చరణం కట్టింది.

*పుట్టి ధర అడిగేటాయన పుట్టి మునిగినాదో*

వడ్లు కొలిచే పుట్టినీ ఏటిలో తిరిగే పుట్టినీ ఒక్క చరణంలో కలిపి ముడేసేసరికి పందిరంతా ఫక్కున నవ్వింది. సరిగ్గా అప్పుడే షెడ్డులో ఇంజను ఒకటి పొడుగ్గా కూత పెట్టింది. దాంతో జనం ఇంకా నవ్వారు. ఆదెయ్య విస్తట్లోకి వంచిన తల పాట అయ్యేదాకా ఎత్తలేదు. పరంజ్యోతి అది చూసింది. అయ్యో అనిపించింది గానీ, పాట మధ్యలో ఏం చెయ్యగలదు?

ఆ టేపును బిట్రగుంటలోగానీ బోగోలులోగానీ మౌలా ఎన్నడూ గట్టిగా పెట్టలేదు. అల్లూరు తట్టు, కొడవలూరు తట్టు పెళ్లిళ్లకు పోయినప్పుడు పెట్టేవాడు. పాట, కసురు, నవ్వులు, ఇంజను కూత, మళ్లీ పాట. పాట అయిపోగానే, కింద చెరగకుండా మిగిలిన పియానో అరనిమిషం మోగేది. అది కూడా పాటలో భాగమేననుకుని పిల్లలు గంతులేసేవాళ్లు. దొరవారిసత్రంలో సైకిలు షాపూ మైకుసెట్టూ నడిపే హజరత్తయ్య మౌలాకు దూరపు బంధువు. మద్రాసు నుంచి ఆయన కూడా ఒక యంత్రం తెప్పించుకుని, ఒక మధ్యాహ్నం బిట్రగుంట వచ్చి, రెండు పెట్టెలూ ఎదురెదురుగా పెట్టి పాటను తన టేపులోకి ఎక్కించుకున్నాడు. మధ్యలో కిటికీ మీద కాకి అరిచింది. అది కూడా ఎక్కింది.

రెండేళ్లు గడిచాయి. 1963 అక్టోబరులో చిన్నపోలయ్యను దొరవారిసత్రం గ్యాంగుకు మార్చారు. భార్యాభర్తలిద్దరూ స్టేషను పక్కన గ్యాంగు క్వార్టర్సులో దిగారు. ఊళ్లో ఎవరూ తెలియదు. వానలు మొదలై నాట్లు వచ్చాయి. పరంజ్యోతికి ఖాళీగా కూర్చుంటే ఊపిరాడదు. పనికి మనుషులు కావాలన్నారని విని, నవంబరులో ఒక పొద్దున వెళ్లి అక్కడి ఆడవాళ్లతో పాటు చేలోకి దిగింది. అక్కడ ముందుండి నడిపించే మనిషి ఆనందకుమారి. పాతికేళ్లుంటాయి, చేతిలో ఎంత చురుకో నోట్లో అంత చురుకు.

నాలుగు వరసలు నాటాక పరంజ్యోతికి నోరు ఊరుకోలేదు. నారు పోసినమ్మ పాట ఎత్తుకుంది. వెంటనే ఇరవై గొంతులు అందుకున్నాయి. మన పాట ఇంత దూరం వచ్చిందే అని ఆమె సంబరపడింది. కానీ రెండో చరణం కాగానే అందరూ ఒక్కసారిగా ఆగిపోయారు. ఆనందకుమారి నడుం మీద చెయ్యి పెట్టుకుని, ముక్కుతో మాట్లాడుతున్నట్టుగా, "పెద్దాయనా, నీ వడ్లు రేపైనా అమ్ముడుపోతాయి" అని మొదలుపెట్టి మొత్తం అప్పజెప్పింది. తర్వాత అందరూ కలిసి పుట్టి చరణం పాడారు. ఒకామె నోటికి చేతులు అడ్డం పెట్టుకుని ఇంజను కూత కూసింది. ఇంకొకామె కాకిలా అరిచింది. చివర్లో అందరూ టింగు టింగుమని పియానో నోటితో వాయిస్తూ బురదలో కాళ్లాడించారు.

పరంజ్యోతి చేతిలో నారు అట్లాగే ఉండిపోయింది.

ఇది ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడిగింది. హజరత్తయ్య టేపులో వస్తుందని చెప్పారు. ఎవరో బిట్రగుంటామె పాడిందట, ఇప్పుడు ఆమె లేదట, చచ్చిపోయి చాలా కాలమైందట. ఈ చావు సంగతి ఎవరు పుట్టించారో వాళ్లకే తెలియదు.

"ఆమెను నేనే," అంది పరంజ్యోతి.

ఆనందకుమారి ఆమెను పైనుంచి కిందికి చూసింది. కోపంగా కాదు, చంటిపిల్ల మాట విన్నట్టు. "ఆమె గొంతు ఈ మాదిరి ఉండదు అక్కా. ఇంకా బొంగురుగా, ముక్కులోంచి వస్తది. నువ్వు బాగానే పాడతావులే గానీ, ఆమె మాదిరి రాదు."

అప్పుడు నాకు జలుబు అని పరంజ్యోతి అంటే అందరూ నవ్వారు. ఆ చేను ఆదెయ్యది. అదే సమయానికి ఆయన గొడుగేసుకుని గట్టు మీదికి వచ్చాడు. ఆనందకుమారి ఆయన్ను కేకేసి, ఈ కొత్తామె టేపులో పాడింది తనేనంటోంది, పెద్దాయనకేమైనా తెలుసా అని అడిగింది.

ఆదెయ్య పరంజ్యోతిని చూశాడు. పరంజ్యోతి ఆదెయ్యను చూసింది. ఆ వంచిన తల, ఆ గొంతు ఆమెకు వెంటనే గుర్తుకొచ్చాయి. ఆయన ముఖంలో రంగు మారడం చూస్తే, ఇన్నాళ్లుగా ఈ ఊళ్లో ఈ పాట వింటూ, ఆ పుట్టి తనదేనని ఎవరికీ చెప్పకుండా గడుపుకొస్తున్నాడని తెలిసిపోయింది. ఒక్క మాట అంటే చాలు. అదుగో ఆయన్నే అడగండి అంటే చాలు, తను అబద్ధాలకోరు కాదని తేలిపోతుంది.

"నాకేం తెలుసు," అన్నాడు ఆదెయ్య. గొడుగు ముందుకు వంచుకుని వెళ్లిపోయాడు.

పరంజ్యోతి మళ్లీ వంగి నారు నాటసాగింది. ఆ రోజు పందిట్లో ఒకసారి ఆయన తల వంచింది చాలు, తన కూలీల ముందు, తన చేలోనే ఇంకోసారి ఎందుకని ఊరుకుంది.

అప్పటినుంచి ఆమెకు టేపమ్మ అని పేరు పడింది. ఆడవాళ్లకు ఆమె మీద చెడ్డ ఉద్దేశమేమీ లేదు. మధ్యాహ్నం గిన్నెలు విప్పుకుంటే పిలిచి కూర వేసేవాళ్లు. కానీ ఆ పేరు వినపడినప్పుడల్లా ఆమెకు చురుక్కుమనేది. నాలుగు రోజులు పాట ఎత్తుకోలేదు. ఆమె సంగతంతా చెబితే చిన్నపోలయ్య, చచ్చిపోయిందన్న మనిషి బతికి రావడం కష్టమేలే అన్నాడు. ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం ఆ నెలలో అదే మొదలు.

ఆ నాలుగు రోజులూ ఆదెయ్యకు కూడా అన్నం సయించలేదు. పెళ్లిలో జరిగింది పెళ్లితోనే పోయిందనుకున్నాడు. తీరా ఏడాది తిరిగేసరికి అది తన ఊరికే వచ్చింది. మొదటిసారి హజరత్తయ్య మైకు హారనులో తన గొంతే "పుట్టి ఎంతంటుండారు" అనడం విన్నప్పుడు, పారిపోవాలో నవ్వాలో తెలియక, నలుగురితో కలిసి నవ్వాడు. ఒకసారి నవ్వాక ఇక చెప్పుకోవడం కుదరలేదు. పక్కన కూర్చున్న భార్య కూడా, ఎవరో మతిలేని మనిషి, పాట జరుగుతుంటే వడ్ల ధర అడుగుతున్నాడని నవ్వింది. ఇరవై ఎనిమిదేళ్లు కాపురం చేసిన గొంతును ఆమె గుర్తుపట్టలేదు. అది మేలే అయిందనుకున్నాడు గానీ, లోపల కొంచెం కష్టంగా కూడా అనిపించింది.

ఆదివారం వచ్చింది. ఆరాధన అయ్యాక ప్రకటనలు చదవడం సంఘపెద్దగా ఆదెయ్య పని. బుధవారం కూటం ఎవరింట్లోనో చెప్పాడు. వానకు జారిన పెంకులు సర్దడానికి శనివారం మగవాళ్లు రావాలని చెప్పాడు. చెప్పి, కూర్చోకుండా నిలబడ్డాడు. ఆడవాళ్ల వైపు చివరి వరసలో పరంజ్యోతి ఉంది.

"ఇంకొక సంగతి ఉండాది. హజరత్తయ్య టేపులో పాట అందరూ వినే ఉంటారు. అది పాడినామె చచ్చిపోలేదు. అదుగో ఆడ కూర్చోనుండాది, గ్యాంగు చిన్నపోలయ్య ఇంటామె. మా గూడూరు తమ్ముడి కొడుకు పెళ్లిలో పాడినాది. నేను ఆడ ఉండా."

ముందు వరసల ఆడవాళ్లంతా వెనక్కి తిరిగి పరంజ్యోతిని చూశారు.

"నేను ఆడ ఉండానని ఎందుకు గట్టిగా చెప్తా ఉండానంటే, ఆ పుట్టి ధర అడిగినోడిని నేనే. మొన్న చేలో నన్ను అడిగితే తెలియదన్నా. అది అబద్ధం. ఆమె నన్ను గుర్తుపట్టి గూడా ఒక్క మాట అనలేదు. ఆమెను టేపమ్మ అని పిలవబాకండి."

మొదట నవ్వింది ఆయన భార్య. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. తర్వాత పాస్టరుగారు దగ్గినట్టు చేసి నవ్వారు. ఆ తర్వాత చర్చి అంతా నవ్వింది. ఆదెయ్య ఇన్నాళ్లుగా భయపడుతున్న నవ్వు అదే. తీరా వచ్చాక అది వానజల్లులా పడి పోయింది. ఆయన కూడా నవ్వుతూ కూర్చున్నాడు.

బయట మెట్ల దగ్గర ఆనందకుమారి వచ్చి పరంజ్యోతి రెండు చేతులూ పట్టుకుంది. ఏం చెప్పాలో తోచక, మరి ఆ ఇంజను కూత కూసింది ఎవరని అడిగింది. అది నిజం ఇంజనేనని పరంజ్యోతి చెబితే చాలా నిరాశపడింది. ఆమె ఇన్నాళ్లూ అది కూడా ఆ బిట్రగుంటామే కూసిందనుకుంది.

ఆదెయ్య దగ్గరికి వచ్చేసరికి పరంజ్యోతి తల దించుకుంది. "ఆ పొద్దు నేను అట్ట అనకుండా ఉండాల్సింది పెద్దాయనా."

"ఎందుకమ్మా. నువ్వు అనబట్టే గదా నా గొంతు గూడా టేపులోకి ఎక్కినాది," అన్నాడాయన. ఆయన మాటలో అప్పుడే కాస్త గర్వం చేరింది.

ఆ మధ్యాహ్నం పరంజ్యోతి తన పాటను మొదటిసారి విన్నది. హజరత్తయ్య సైకిలు షాపు ముందు బెంచీ వేశాడు. సగం ఊరు వచ్చి నిలబడింది. టేపు తిరగడం మొదలుపెట్టాక ఆమె కళ్లార్పకుండా ఆ చక్రాలనే చూస్తూ కూర్చుంది. కసురు వచ్చినప్పుడు అందరూ ఆదెయ్య వైపు తిరిగితే, ఆయన పెళ్లికొడుకులా నిలబడ్డాడు. పాట అయ్యి, పియానో మోగి ఆగిపోయాక పరంజ్యోతి హజరత్తయ్య వైపు తిరిగింది. నా గొంతు ఇట్లా ఉంటుందా అని అడిగింది. ముక్కు దిబ్బడేసినా ఎక్కడా శ్రుతి పోలేదని తనలో తనే అనుకుంది. ఆ తర్వాత కోపం వచ్చింది.

ఇది ఎవరు పట్టారని అడిగితే, హజరత్తయ్య దాచకుండా మౌలా పేరు చెప్పాడు. తనకు తెలియకుండా తన ఇంట్లోకి వచ్చి తన ఫోటో తీసుకుపోయినట్టుందని ఆమె అంది. హజరత్తయ్య చేతే కార్డు రాయించింది. మౌలాకు పరంజ్యోతి రాయించునది, నీవు చేసిన పని తెలిసినది, వెంటనే పెట్టెతో బయలుదేరి రావలెను. అంతే. ఇంకేమైనా రాయాలా అని ఆయన అడిగితే, భయపడడానికి అది చాలంది.

గురువారం ప్యాసింజరులో మౌలా దిగాడు. పెట్టెను దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని వచ్చాడట, దారిలో ఎవరో చంటిబిడ్డనుకుని సీటిచ్చారట. క్వార్టర్సు గుమ్మంలో నిలబడి లోపలికి రావడానికి సందేహించాడు. పరంజ్యోతి మంచినీళ్లిచ్చి, తాగాక తిట్టింది. తిట్టినంతసేపూ అతను గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు.

"అడిగితే వద్దంటావని భయపడినా అక్కా," అన్నాడు చివరికి. "నువ్వు చెప్తే ఇప్పుడే చెరిపేస్తా. టేపు గూడా తెచ్చినా."

"ఈ తట్టు ఆడోళ్లందరి నోళ్లల్లో ఉండాది. దాన్నంతా ఏం పెట్టి చెరుపుతావు?" అంది పరంజ్యోతి. కోపం అప్పటికే సగం దిగిపోయింది. "అడిగి చూడాల్సింది మౌలా. అడిగుంటే జలుబు తగ్గినాక పాడతానని చెప్పేదాన్ని."

అయితే ఇప్పుడు పాడమని మౌలా అడిగాడు. ఆమె ఒప్పుకుంది. కానీ గదిలో గోడకు చెప్పుకున్నట్టు పాడనంది. చేలో, నాటుతూ, అందరితో కలిసి అయితేనే అంది. చేలో కరెంటు ఎక్కడిదని మౌలా తల గోక్కుంటుంటే ఆదెయ్యే దారి చూపించాడు. ఆ ఏడే ఆయన బావి దగ్గర కరెంటు మోటారు పెట్టించాడు. మోటారు షెడ్డులోంచి గట్టు మీదిదాకా తీగ లాక్కోవచ్చన్నాడు.

మర్నాడు పొద్దున మౌలా, హజరత్తయ్య కలిసి వెదురు కర్రలు నాటి వాటి మీదుగా తీగ లాగారు. గట్టు మీద పీట, పీట మీద పెట్టె, పెట్టె మీద ఆదెయ్య గొడుగు. గొడుగు ఆయనే పట్టుకుంటానన్నాడు. ఒక్క మాట కూడా మాట్లాడకూడదని మౌలా చెబితే, కండువా నోటికి చుట్టుకుని కళ్లతోనే సరేనన్నాడు.

పరంజ్యోతి ఎత్తుకుంది. ఆనందకుమారీ మిగతావాళ్లూ అందుకున్నారు. ఎవరి పాట ముందు, ఎవరి పాట వెనక అని కాసేపు గొడవపడ్డారు గానీ, రెండు పాటలయ్యేసరికి గొంతులు కుదిరాయి. పులికాటు సరస్సు తట్టునుంచి గాలి వీస్తోంది. మౌలా మైకును వెదురు కర్రకు కట్టి వరస వెంబడి గట్టు మీద పక్కకు నడుస్తున్నాడు. ఒకసారి కాలు జారి మోకాలిదాకా బురదలో దిగబడ్డాడు. మైకును మాత్రం పైకే ఎత్తి పట్టుకున్నాడు. నాలుగు పాటలు ఎక్కాయి. నాలుగూ బాగా ఎక్కాయి.

అయిదో పాటకు ముందు, తూర్పున నల్లగా కమ్ముకున్న వాన ఒక్కసారిగా విరుచుకుపడింది. మౌలా పరుగెత్తి షెడ్డులో తీగ పీకేశాడు. ఆడవాళ్లు తలల మీది గోనెపట్టాలు తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టె మీద కప్పి, తాము తడుస్తూ మళ్లీ చేలోకి దిగారు. నారు ఇంకా మిగిలి ఉంది. పొద్దు పోయేలోపు నాటెయ్యాలి.

వానలో పరంజ్యోతి ఇంకో పాట మొదలుపెట్టింది. ఆనందకుమారికి అది తెలియదు. ఒక చరణం విని, రెండో చరణానికి కలిపింది. మిగతావాళ్లూ కలిపారు. ఆదెయ్య నోటికి కట్టుకున్న కండువా విప్పి పిండుకుని తల తుడుచుకున్నాడు. మౌలా పెట్టె పక్కనే గొంతుక్కూర్చుని, గోనెపట్టాలు ఎగిరిపోకుండా రెండు చేతులా అదిమి పట్టుకుని, పాట అయ్యేదాకా విన్నాడు.